గుట్ట దాకా పోని పిలుపు

నెట్ రావడం లేదని కంప్యూటరు నెత్తిన చరిచే పిల్లల్ని మా ఇంట్లోనే చూస్తున్నాను. చరిస్తే వచ్చేదైతే మా కంటి కేంద్రంలో ఆ ఎండాకాలం అంత తిప్పలు ఉండేవి కావు. నేను చదివింది మూడో తరగతి, అదీ సగమే. చేసింది ఆయా పని. కానీ తెగిన లైనును ఎలా వెతుకుతారో పక్కన నిలబడి మొదటి నుంచి చివరి దాకా చూశాను. కొత్తగా కొలువుల్లో చేరుతున్నారు కదా, అందుకని మీకు చెబుతున్నాను. ఒక ఆడమనిషి కన్ను ఆ లైను మీద ఆధారపడి ఉందని మాత్రం మొదటే గుర్తుపెట్టుకోండి.

సెల్‌ఫోన్లు పట్నాల్లో అందరి చేతికీ వచ్చినా, మా అడవి అంచుకు సిగ్నలు ఇంకా రాని రోజులవి. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం పోయే దారిలో ఒక గూడెం పక్కన కంటి ఆసుపత్రి వాళ్ళు చిన్న కేంద్రం తెరిచారు. అందులో ఇద్దరమే పనిచేసేవాళ్ళం. ఒకరు కళ్ళు పరీక్ష చేసే టెక్నీషియన్. ములకలపల్లి వైపు పిల్లవాడు, మా చర్చివాడే, పెళ్ళి కావలసినవాడు. ఇంకొకరు నేను. డాక్టరు అక్కడ ఉండదు. డాక్టరమ్మ భద్రాచలంలో పెద్దాసుపత్రిలో కూర్చుంటుంది. ఇక్కడ రోగి యంత్రం మీద గడ్డం ఆనిస్తే నేను వెనక నుంచి తల కదలకుండా పట్టుకునేదాన్ని. టెక్నీషియన్ కంట్లోకి వెలుతురు వేసేవాడు. ఆ కన్ను అక్కడ డాక్టరమ్మ ముందు తెర మీద చేటంత కనిపించేది. ఆమె అడిగేది, మేము చెప్పేవాళ్ళం, ఆమె మందు రాసేది. ఇటు నుంచి అటు తీగ లేదు. మా డాబా మీద ఇనుప గొట్టానికి జల్లెడ లాంటి గిన్నె ఒకటి బిగించారు. నది పక్క గుట్ట మీద టవరు ఉంది. బొమ్మ మా గిన్నె నుంచి గుట్ట మీదికి, గుట్ట మీద నుంచి ఆసుపత్రికి పోయేది.

అది ఎలా పోతుందో తెలుసుకోవాలని నాకు మహా ఆశగా ఉండేది. టెక్నీషియన్ను అడిగితే, "గాలిల పోతది ఆయమ్మా" అన్నాడు. మరి గాలి ఇటు వీస్తుంటే అది అటెట్ల పోతదిరా అని అడిగాను. "నువ్వు బెంచీలు తుడువు" అన్నాడు. అడిగిన దానికి జవాబు రాకపోతే తుడవమనడం చదువుకున్నవాళ్ళ పద్ధతి.

ఆ కంప్యూటరులో ఉండేది లైనక్స్. కొనే పని లేకుండా ఊరికే దొరుకుతుందని చెప్పారు. ఊరికే అనగానే నాకు దాని మీద కొంత గౌరవం, కొంత అనుమానం రెండూ కలిగాయి. నేను సబ్బు బిళ్ళ అరిగి కాగితమంత అయినా పారేయను, కొత్త బిళ్ళకు అతికిస్తాను. రోగి లేకపోతే ఫ్యాను ఆపేస్తాను. కాబట్టి ఊరికే వచ్చిన వస్తువును నేను తప్పు పట్టను. టెక్నీషియన్‌కు మాత్రం అది గిట్టేది కాదు. వాడు ఖమ్మంలో నేర్చుకున్నది వేరే రకం. దేనికి ఏ ఇబ్బంది వచ్చినా "ఈ పుక్కటి కంప్యూటర్ తోటి గింతే" అనేవాడు.

శివరాత్రి దాటాక గిన్నె బిగించారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు, గూడెం పెద్ద కొబ్బరికాయ కొట్టాడు. మొదటి రోజుల్లో బొమ్మ అద్దంలో చూసినట్టు వచ్చింది. శ్రీరామనవమి నాటికి మొరాయించడం మొదలైంది. డాక్టరమ్మ మాట మధ్యలో తెగేది, కన్ను తెర మీద గళ్ళుగళ్ళుగా విరిగేది. నవమికి భద్రాద్రికి వచ్చిన జనం ఫోన్ల వల్ల ఆకాశం నిండిపోయింది, జనం పోతే సర్దుకుంటుందన్నాడు టెక్నీషియన్. జనం పోయారు, లైను సర్దుకోలేదు. ఎలుకలు తీగ కొరికి ఉంటాయని నేను అనుకున్నాను. డాబా మీది నుంచి గది దాకా తీగను వేలితో తడుముతూ వచ్చాను. ఎక్కడా పంటి గాటు లేదు. అయినా ఎలుకల మీద నా అనుమానం పోలేదు. పెద్దాసుపత్రికి ల్యాండ్‌లైన్ కొడితే, ఆపి మళ్ళీ వేయండి అన్నారు. ఆపి వేశాం. చరిచాం కూడా.

ఇలా ఉండగా బీడీలకు పోయే తునికాకు కోత మొదలైంది. గూడెం మొత్తం తెల్లవారకముందే అడవికి పోయేది. ఆకు కోసి, కట్టలు కట్టి, కొనేవాళ్ళ కల్లంలో అప్పజెప్పే ఆ కొద్ది రోజులే ఏడాదిలో నాలుగు రాళ్ళు కళ్ళబడే కాలం. అప్పుడు ఒక కోయ పిల్ల అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. చంకలో పాలు తాగే బిడ్డ. ఎడమ కన్ను కొంగుతో మూసుకుంది. ఆకు కోస్తుంటే పుల్ల తగిలిందట. ముందు ఆకు పసరు పోశారు. తర్వాత ఎవరో సంతలో ఇచ్చిన చుక్కల మందు వేశారు. నేను కొంగు తీసి చూశాను. నల్లగుడ్డు మీద బియ్యపు గింజంత తెల్లటి పుండు.

టెక్నీషియన్ ఫోనులో డాక్టరమ్మకు చెప్పాడు. ఆమె ముందు ఆ సంత మందు ఆపించింది. కన్ను చూడకుండా వేరే మందు మాత్రం చెప్పనంది. పుల్ల తగిలిన కంట్లో బూజు పట్టవచ్చు, మామూలు చీము కావచ్చు, రెంటికీ మందులు వేరు, ఒకదానికి వేసే మందు ఇంకోదానికి పనిచేయదు, ఆలోగా కన్నే పోతుంది. కుదిరితే వెంటనే పంపించండి అంది. పిల్ల రానంది. ఆకు రోజులు అని ఒక మాట, బిడ్డ అని ఒక మాట, అసలు మాట ఆఖరికి చెప్పింది. వాళ్ళ చిన్నాయన కన్ను నొప్పితో పెద్ద దవాఖానాకు పోతే కన్ను తీసేసి పంపారట. అది ఎక్కడో, ఎప్పుడో. అయినా ఆమెకు దవాఖానా అంటే అదే.

నేను గట్టిగానే తిట్టాను. "కన్ను పోయినంక ఆకేం కోస్తవే, తడుముకుంటవా?" అన్నాను. ఆమె బిడ్డను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది తప్ప లేవలేదు. తిడితే లేచే మనిషి కాదని అర్థమైంది.

ఫొటో తీసి బస్సులో పంపవచ్చు కదా అంటారు మీరు. పంపాం. మర్నాడు డాక్టరమ్మ ఫోను చేసి, "ఇది నిన్నటి కన్ను అమ్మా, నాకు ఇవాళ్టి కన్ను కావాలి. వెలుగు పక్క నుంచి వేయించి చూడాలి" అంది. ఊరికే ఉంచడం కన్నా నయమని చీముకు చుక్కలు మొదలుపెట్టించి, అవి పనిచేయకపోతే వెంటనే చెప్పమంది. రెండు రోజుల్లో పుండు పెరిగిందే కానీ తగ్గలేదు. ఇక ఆ లైను బాగు కాకపోతే కన్ను దక్కదు. పెద్దాసుపత్రి వాళ్ళు ఖమ్మం నుంచి ఇంజినీరును పిలిపించారు.

వచ్చింది ఆడపిల్ల. భుజాన సంచి, కాళ్ళకు బూట్లు, నెత్తిన రుమాలు. శివరాత్రికి గిన్నె బిగించి పోయింది కూడా ఈమే. టెక్నీషియన్ ఎదురుపోయి ఈ లైనక్స్ తీసేసి మంచిది వేయించండి మేడం అని మొదలుపెట్టాడు. ఆమె వాడి మాట కొట్టిపారేయలేదు, ఒప్పుకోనూ లేదు. "దాందే తప్పయితే దాన్నే తీస్త. ముందు ఏడిదాక మంచిగున్నదో చూద్దాం" అంది.

ఈ మాట దగ్గర నేను బెంచీ తుడవడం ఆపేశాను. మేమందరం అప్పటిదాకా ఎక్కడ చెడిందని వెతికాం. ఎలుక, జనం, లైనక్స్ అని తలా ఒక దొంగను పట్టుకున్నాం. ఈమె ఎక్కడిదాకా బాగుందో అడుగుతోంది.

కంప్యూటరు వెనక తీగ గుచ్చిన చోట చిన్న పచ్చదీపం మినుకుతోంది. అంటే తీగ కూర్చుంది అంది. తర్వాత నల్ల తెర తెరిచి ఏదో ఒక మాట కొట్టింది. దాన్ని పింగ్ అంటారట. అంటే ఏందని అడిగాను. ఈమె నన్ను తుడవమనలేదు.

"గోదారి ఒడ్డున నిలబడి అవతలి పడవాయనను పిలుస్తం కదా పెద్దమ్మా. ఆయన ఓ అంటే ఉన్నట్టు. అనకపోతే లేనట్టు. ఇది గట్లనే పిలుస్తది. పిలిచిన ప్రతిసారీ జవాబు ఎంత సేపటికి వచ్చిందో రాస్తది."

ముందు కంప్యూటరు తనను తానే పిలుచుకుంది. జవాబు వచ్చింది. తర్వాత డాబా మీద గిన్నె వెనక ఉండే డబ్బాను పిలిచింది. తెర మీద గీతలు ఒకదాని కింద ఒకటి గబగబా దిగాయి, ఒక్కటీ తప్పలేదు. "మీ తీగ మంచిది, మీ లైనక్స్ మంచిది" అంది. టెక్నీషియన్ ముఖం చిన్నబోయింది, నా ఎలుకలు కూడా నిర్దోషులయ్యాయి. ఆఖరుకు గుట్టను పిలిచింది. ఒక గీత వచ్చింది. ఆగింది. చాలాసేపటికి ఇంకొకటి. తర్వాత ఏమీ లేదు. బయట గాలి లేచి కిటికీ రెక్క కొట్టుకుంది. గాలి ఆగాక మళ్ళీ రెండు గీతలు వచ్చాయి.

ఆమె లేచి డాబా ఎక్కింది. నేనూ ఎక్కాను, మోకాళ్ళు వద్దంటున్నా. గొట్టం వంగిందేమోనని చూసింది, వంగలేదు. గిన్నెకు చెంప ఆనించి, అది చూస్తున్న వైపే చూసింది.

"పెద్దమ్మా, ఈడ గుట్ట కనపడాలె కదా. ఏది?"

గుట్ట లేదు. ఎదురుగా గూడెం మొదట్లో పెద్ద ఇప్పచెట్టు, లేత రాగి రంగు దాటి ముదురు పచ్చకు తిరిగిన ఆకుతో గోడలా నిలబడింది. గాలికి ఆ గోడ ఊగుతోంది.

"నేను పెట్టినప్పుడు ఇది ఎండిపోయిన చెట్టు" అంది.

"ఎండిపోవుడేంది బిడ్డా, అప్పుడు ఆకు రాల్చింది. శివరాత్రికి ఇప్ప ఆకు రాలుస్తది, పూత పూస్తది, పూత అయినంక చిగురేస్తది" అన్నాను.

ఆమె డాబా గోడ మీద కూర్చుండిపోయింది. కొమ్మల సందుల్లోంచి ఆ రోజు గుట్ట చక్కగా కనిపించిందట. ఎలాగూ చచ్చిన చెట్టే, వంటచెరుకుకు కొడతారనుకుందట. ఆకుల్లో నీరు ఉంటుందని, గిన్నె పలుకు నీటిని దాటలేదని అప్పుడు నాకు చెప్పింది. ఇక్కడ తిరిగే మాకు చెట్టు సంగతి తెలుసు, గిన్నె సంగతి తెలియదు. ఆమెకు గిన్నె సంగతి తెలుసు, చెట్టు సంగతి తెలియదు. గిన్నె బిగించిన రోజు అందరం అదే చెట్టు కింద నీడ లేదని విసుక్కుంటూ నిలబడ్డాం. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఆమె తనను తాను తిట్టుకుంటుంటే నేను ఊరుకోబెట్టలేదు. కొంతసేపు తిట్టుకోవడం మంచిదే, పని గుర్తుంటుంది.

కిందికి దిగి, ఆ చెట్టు ఎవరిదని అడిగింది. మా దగ్గర ఇప్పచెట్టు అడవిలో ఉన్నా ఊళ్ళో ఉన్నా ఒక ఇంటికి చెందుతుంది. పువ్వు ఆ ఇంటివాళ్ళే ఏరుకుంటారు, గింజ వాళ్ళే నూనె పట్టించుకుంటారు. వరండాలో కోడలి పక్కన కూర్చున్న అత్త తలెత్తి, "మాదే" అంది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంకేం, సొంత కోడలి కన్ను కదా. ఇంజినీరు వంగి కూర్చుని, రెండు కొమ్మలు కొట్టిస్తే చాలని, గంటలో డాక్టరమ్మ చూస్తుందని నెమ్మదిగా చెప్పింది. తెలుగులో అర్థం కానిది నేను నాకు వచ్చిన కోయ మాటల్లో చెప్పాను. అత్త అంతా విన్నది.

"ఇప్పచెట్టు మీద గొడ్డలి పెట్టం అమ్మా. మా తాతల కాడ నుంచి పెట్టలే. పెడితే ఇంట్ల ఒకరికి తగుల్తదంటరు. ఇప్పటికే ఒకరికి తగిలింది."

కోడలు కొంగు తీయకుండానే, "కొట్టనీ అత్తా" అంది.

"నువ్వు ఊకో. నీ కన్ను నాకు వద్దని కాదు."

టెక్నీషియన్ ఏదో అనబోతే నేను కళ్ళతోనే ఆపాను. నాకు ఆ నమ్మకం లేదు. కానీ బిడ్డ కడుపు నింపే చెట్టు మీద గొడ్డలి పెట్టనన్న మనిషిని మూర్ఖురాలు అనడానికి నాకు నోరు రాలేదు. ఇంజినీరు కూడా వాదించలేదు. గొట్టం పొడుగు చేయవచ్చా అని చెట్టు తల వైపు చూసింది. అంత గొట్టం ఎక్కడా దొరకదు, దొరికినా గాలికి నిలవదు.

అత్త ఇంజినీరు చూపు వెంట తానూ చూసి, "దాని మీద నుంచి ఎందుకు పోవుడు? పక్క నుంచి దాటి పోరాదూ?" అంది.

ఇంజినీరు సంచిలో నుంచి తీగ చుట్ట బయటికి తీసింది.

సంగతేమిటంటే, గిన్నెను చెట్టు అవతలికి తీసుకుపోవాలి. అక్కడ నుంచి మా గది దాకా తీగ లాగాలి. తీగలో మాట వంద మీటర్ల దాకానే పోతుందట, ఆ పైన సన్నగిల్లుతుందట. అడుగులు వేసి చూసింది. చెట్టు దాటగానే ఆ అత్త ఇంటి పెరడు. అది తీగకు అందుతుంది. గూడెంలో మగవాళ్ళంతా కల్లం దగ్గర ఉన్నారు. ఉన్న ఆడవాళ్ళమే వెదురు బొంగులు తెచ్చాం, తీగ నేలకు తగలకుండా ఒక్కో బొంగుకూ కట్టాం. బట్టతో చుట్టి కట్టమని నేను చెప్పాను. అందుకు టెక్నీషియన్ గాయాలకు కట్టే కొత్త పట్టీ చుట్ట విప్పబోతే వాడి చేతి మీద ఒకటి వేసి, నా పాత చీర చింపి ఇచ్చాను. ఆ తీగ మీద ఎవరూ బట్టలు ఆరేయకూడదని అత్త తన ఇంటి ముందు నిలబడి గట్టిగా చాటింది. ఆ మాట నేను చెబితే వినేవాళ్ళు కాదు.

గిన్నెను పెరట్లో పెద్ద బొంగుకు కట్టారు. ఇంజినీరు తన లాప్‌టాప్‌తో బొంగు మొదట్లో కూర్చుంది. టెక్నీషియన్ గదిలో తీగ కొస గుచ్చాడు. ఇద్దరికీ మధ్య చెట్టు అడ్డం, కనుక మాటలు మోయడానికి నేను మధ్యలో నిలబడ్డాను.

ఆమె కంప్యూటరును పిలిచింది. జవాబు లేదు.

"దీపం ఎలుగుతున్నదా అడుగు పెద్దమ్మా."

అడిగాను. వెలుగుతోందట. మళ్ళీ పిలిచింది. మళ్ళీ లేదు. దీపం వెలుగుతోందంటే తీగ బాగుంది. మరి పలకదేం? ఆమె నుదుటి మీద చెమట, వరండాలో ఏడుస్తున్న బిడ్డ, పొద్దు పడమటికి వాలుతోంది. డాక్టరమ్మ సాయంత్రం వెళ్ళిపోతే మళ్ళీ రేపే. ఆ పుండు రేపటిదాకా ఆగుతుందో లేదో.

"ఏ దాంట్ల గుచ్చిండో అడుగు."

ఆ కంప్యూటరు వెనక తీగ గుచ్చడానికి రెండు బొక్కలు ఉన్నాయి. నేను పోయి అడిగాను. వాడు, "ఒకటో దాంట్లనే ఆయమ్మా, మేడం చెప్పినట్టే, మొదటిదాంట్ల" అన్నాడు. తిరిగి వచ్చి ఆ మాట అప్పజెప్పాను. ఆమె నెత్తి పట్టుకుని నవ్వింది. లైనక్స్ సున్నా నుంచి లెక్కపెడుతుందట. మొదటి బొక్క పేరు సున్నా, రెండో దాని పేరు ఒకటి. ఆమె చెప్పింది మొదటిదాంట్లో గుచ్చమని. వాడు పక్కన ఒకటి అని రాసి ఉన్న దాంట్లో గుచ్చాడు. ఎదురుగా ఒకటి అని రాసి ఉంటే అది మొదటిది కాదని ఎవరు మాత్రం అనుకుంటారు? నేనైనా అందులోనే గుచ్చేదాన్ని. సున్నాను మొదటిదిగా ఎంచే పద్ధతి ఎవరు పెట్టారో కానీ, వాళ్ళు ఎన్నడూ బంతిలో విస్తళ్ళు వేసి ఉండరు.

తీగ సున్నాలోకి మారింది. గీతలు జలజలా దిగాయి. ఇంకా గుట్ట మిగిలింది. ఇప్పుడు బొంగును వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. తెర మీద అంకె చూస్తూ ఆమె చెబుతుంటే అత్త, నేను చెరొక పక్క పట్టి తిప్పాం. "ఇంకొంచెం అటు. ఆగు. వెనక్కి. ఇంకొంచెం." ఒక చోట ఆమె చెయ్యి గాల్లో ఆగిపోయింది. గుట్టను పిలిచింది. గుట్ట పలికింది. ఇంకోసారి పిలిచింది, పలికింది. గాలి లేచింది. ముగ్గురం ఇప్పచెట్టు వైపు చూశాం. చెట్టు మొత్తం ఊగింది. గీత ఒక్కటీ తప్పలేదు.

పిల్లను యంత్రం ముందు కూర్చోబెట్టి తల పట్టుకున్నాను. ఒళ్ళు కాలుతోంది. డాక్టరమ్మ కిందికి చూడు, పైకి చూడు అని అడిగింది. వెలుతురు పక్క నుంచి, సన్నగా చీల్చి వేయించింది. పుండు అంచులు ఈకల్లా ఉన్నాయా అని టెక్నీషియన్ను అడిగింది, తానూ చూసింది. "బూజే. ఇవాళే మందు పంపిస్త. గంట గంటకూ వేయాలె, మానొద్దు" అంది. పిల్లతో కూడా మాట్లాడబోయింది. ఆమె తెర వైపు తలెత్తలేదు, ఒక్క మాట పలకలేదు. కన్ను తీసేవాళ్ళతో మాటలేంటని కాబోలు. మందు చివరి బస్సులో వచ్చింది. డ్రైవరు చేతి నుంచి నేనే అందుకున్నాను. ఆకు రోజులు ముగిసేదాకా, ఆ తర్వాతా గంట గంటకూ చుక్క వేయించే పూచీ అత్తది. ఆ పిల్లను కల్లానికి పోనిచ్చింది కానీ, వేళకు మందు వేసుకోకుండా ఒక్క కట్ట కట్టనివ్వలేదు.

ఎడతెగకుండా చూపించుకున్నారు. పుండు పెరగడం ఆగింది, తర్వాత తగ్గింది, వానలు మొదలయ్యేసరికి మానింది. చిన్న తెల్లటి మచ్చ మిగిలింది. కనిపిస్తుందో లేదో చూడాలి. నేను నా అరచేత్తో ఆమె మంచి కన్ను మూశాను. తెర మీద డాక్టరమ్మ, నన్ను చూసి ఏం కనిపిస్తుందో చెప్పమ్మా అని అడిగింది. పిల్ల ముందుకు వంగింది. ఆ మచ్చ ఉన్న కన్నును చిన్నది చేసి, పెద్దది చేసి చూసింది. ఇన్ని వారాల్లో డాక్టరమ్మతో మాట్లాడిందే లేదు. ఇప్పుడు నా వైపు తిరిగి కోయ మాటలో ఏదో అంది.

"ఏమంటున్నది?" అని డాక్టరమ్మ అడిగింది.

చెప్పాలా వద్దా అని ఒక క్షణం ఆలోచించాను. కన్ను పరీక్షలో అబద్ధం చెప్పకూడదు.

"మీకు ముందు పన్ను మీద పన్ను ఎక్కింది కదా అమ్మా, చిన్నప్పుడు మీ అమ్మ ఎందుకు పీకించలేదని అడుగుతున్నది" అన్నాను.